రెండు స్క్రీన్ల గేమింగ్ ల్యాప్‌టాప్: మూడున్నర లక్షలు ఎక్కడెక్కడికి పోతాయి

చుట్టాల్లో ఎవరికైనా కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు తెలుసని పేరుపడిందంటే ఇక వాళ్ల ఫోనుకు విశ్రాంతి ఉండదు. ఈమధ్య నన్ను అందరూ అడుగుతున్నది ఒకటే. భీమవరంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు అడుగుతాడు, రావులపాలెంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే తమ్ముడు అడుగుతాడు, ఈసారి రొయ్యకు మంచి కౌంటూ మంచి రేటూ రెండూ పడిన బాబాయి తన కొడుకు తరఫున అడుగుతాడు. "ఆ కీబోర్డు పైన ఇంకో స్క్రీన్ లేస్తుందే, ఆ ల్యాప్‌టాప్ కొనొచ్చంటావా?"

నేను తిరిగి అడిగేది ఒకటే: రోజూ ఎక్కడ కూర్చుని పని చేస్తావు? ఇంట్లో ఒకే గదిలో, ఒకే టేబుల్ దగ్గరయితే ఈ డబ్బు దండగ. ఇవాళ పాలకొల్లు, రేపు అమలాపురం, ఎల్లుండి కాకినాడ అని తిరుగుతూ వెళ్లినచోటల్లా పని తెరవాల్సిన మనిషివైతే అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం. ఎందుకంత తేడా అంటే, ఈ మెషీన్‌లో మనం డబ్బు కట్టేది ముఖ్యంగా రెండో స్క్రీన్‌ని సంచీలో పెట్టుకుని తిరిగే వెసులుబాటుకే. మిగతావన్నీ ఇంతకంటే తక్కువకే వేరేచోట దొరుకుతాయి.

ముందు అసలు ఇదేమిటో చూద్దాం. 2019లో హెచ్‌పీ ఒమెన్ ఎక్స్ 2ఎస్ అని ఒకటి వచ్చింది, కీబోర్డు పైన సెల్‌ఫోన్ అంత, అంటే దాదాపు 6 అంగుళాల చిన్న స్క్రీన్. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, అంతకుమించి ఏం చేయాలో కొన్నవాళ్లకే పాలుపోలేదు. తర్వాతి ఏడాది, 2020లో, ఆసుస్ జెఫిరస్ డుయో 15 తెచ్చింది. దీంతోనే ఆట మారింది. మూత తెరుస్తుంటే లోపలి నుంచి 14 అంగుళాల పొడవాటి టచ్ స్క్రీన్ ఒకటి దానంతట అదే 13 డిగ్రీలు పైకి లేస్తుంది. కింద ఖాళీ ఏర్పడి ఆ సందులోంచి ఫ్యాన్లకు గాలి అందుతుంది. మెకానిజం నిజంగా అందంగా ఉంటుంది, షాపులో ఒకసారి మూత తెరిచి చూపిస్తే చాలు, సగం బేరం అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత డుయో 16 వచ్చింది, 2023 రకంలో ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ చిప్పు ఆర్‌టీఎక్స్ 4090 దాకా పెట్టారు. 2026 జనవరిలో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్‌లో చూపించిన కొత్త డుయోది పూర్తిగా వేరే దారి: రెండూ 16 అంగుళాల ఓలెడ్ స్క్రీన్లే, కీబోర్డు ఊడదీసి విడిగా పెట్టుకోవచ్చు. మన దగ్గర ఈ తరగతి సరుకేదైనా మూడు లక్షల పైమాటే, పై రకాలు ఇంకా పైకి పోతాయి. ఈ వ్యాసంలో లెక్కలకు మూడున్నర లక్షలు అనుకుందాం.

పాత డుయోల్లో ఆ రెండో స్క్రీన్ 3840 బై 1100 పిక్సెళ్లు. వినడానికి ఫోర్‌కే లాగా ఉంటుంది, నిజానికి అడ్డంగా మాత్రమే ఫోర్‌కే, నిలువుగా చూస్తే ఫుల్ హెచ్‌డీ కంటే పిసరు ఎక్కువ. అంటే రెండు ఫుల్ హెచ్‌డీ వీడియోలు పక్కపక్కనే పట్టేంత పట్టీ. మొత్తం పిక్సెళ్లు లెక్కేస్తే 42 లక్షల పైన తేలతాయి, డుయో 16లో 2560 బై 1600 మెయిన్ స్క్రీన్ తీసుకుంటే దానికున్నవి 41 లక్షల లోపే. చిన్నదనుకున్న స్క్రీన్ మీదే పిక్సెళ్లు ఎక్కువన్నమాట. అక్షరాలు పదునుగా కనిపిస్తాయి, కానీ విండోస్‌లో స్కేలింగ్, అంటే అక్షరాల సైజు, పెంచకపోతే చీమల బారులా ఉంటాయి, పెంచితే ఆ 1100 ఎత్తులో పట్టేది కాస్తే. ఎక్సెల్ షీటు తెరిస్తే పైన రిబ్బన్ పోగా మిగిలేవి కొన్ని వరుసలే. అడ్డంగా పొడుగున్న పనికే ఇది సరిపోతుంది: వీడియో టైమ్‌లైను, ఆడియో ట్రాకులు, పక్కపక్కన రెండు చాట్ కిటికీలు.

మరి గేమింగ్ మాటేమిటి? పేరులోనే గేమింగ్ ఉంది కదా. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గేము ఆడేది మెయిన్ స్క్రీన్ మీదే, రెండోదాన్ని తనంతట తాను వాడుకునే గేములు బహు తక్కువ. ఫ్లైట్ సిమ్యులేటర్ వాళ్లకు మాత్రం పండగే, కాక్‌పిట్ మీటర్లను విడదీసి కింద పెట్టుకోవచ్చు. మిగతావాళ్లకు మిగిలేది గేమర్లు మాట్లాడుకునే డిస్కార్డు యాప్, యూట్యూబు, టెంపరేచర్ మీటరు, స్ట్రీమింగ్ చేసేవాళ్లయితే దానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్, లైవ్ చాట్. స్ట్రీమర్‌కు ఇది పనికొచ్చే మాట నిజమే. కాకపోతే గేము ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు మౌసు అందులోనే ఇరుక్కుంటుంది, కింద స్క్రీన్ తాకితే ఒక్కోసారి గేమే మినిమైజ్ అయిపోతుంది, అందుకని బోర్డర్‌లెస్ విండోలో ఆడటం అలవాటు చేసుకోవాలి. నన్నడిగితే డిస్కార్డు చూసుకోవడానికి జేబులో ఫోనుంది. ఆ పని కోసం లక్ష రూపాయలు అదనంగా ఇవ్వనక్కర్లేదు.

ఎడిటింగ్ వాళ్ల సంగతి వేరు. మన వైపు పెళ్లిళ్లు తెలుసుగా, ముహూర్తం అర్ధరాత్రి దాటాక, తెల్లారి టిఫిన్ల వేళకు ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ తెర మీద మూడు నిమిషాల హైలైట్ వీడియో పడాలి, లేకపోతే పెళ్లికొడుకు మేనమామకు కోపం. ఈ సేమ్ డే ఎడిట్ చేసే కుర్రాడు స్టేజీ వెనకాల, జనరేటర్ మోతలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. మానిటర్ మోసుకెళ్లే వీలు లేదు, పెట్టే చోటూ లేదు. అలాంటి చోట పైన ప్రివ్యూ, కింద టైమ్‌లైను మొత్తం చాచి కనిపిస్తుంటే పని సాఫీగా సాగుతుంది, విండోలు మార్చుకునే గోల ఉండదు. ఈ యంత్రం పుట్టిందే ఇలాంటివాడి కోసం అనిపిస్తుంది.

అయితే అదే స్టేజీ వెనక దాని లోపమూ బయటపడుతుంది. రెండో స్క్రీన్‌కు చోటివ్వడానికి కీబోర్డును అంచుకు నెట్టేశారు, మామూలు ల్యాప్‌టాప్‌లో అరచేతులు ఆనించే జాగా ఇందులో లేనే లేదు. ముందు పెట్టుకోమని విడిగా ఒక రబ్బరు మెత్త ఇస్తారు, దాన్ని పెట్టాలంటే టేబుల్ ఇంకాస్త లోతుగా ఉండాలి. చిన్న స్టూలు మీద పెడితే మణికట్లు గాల్లో వేలాడతాయి, ఒడిలో పెట్టుకుంటే ఇంకా ఇబ్బంది, పైగా రెండున్నర కిలోల బరువు, కింద సెగ. టచ్‌ప్యాడ్ కుడిచేతి పక్కన నిలువుగా, చిన్నగా, నంబర్ ప్యాడ్‌గా కూడా మారేలా పెట్టారు, ఎడమచేతి వాటం వాళ్లు దాంతో కుస్తీ పట్టాల్సిందే. ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చని కొన్న మెషీను మంచి టేబుల్ దొరికిన చోటే సుఖంగా పని చేస్తుందన్నమాట. కొత్త డుయోలో కీబోర్డు ఊడొస్తుంది కాబట్టి చేతుల బాధ తగ్గుతుంది, కానీ రెండు స్క్రీన్లనూ నిలబెట్టాలంటే టేబుల్ మీద జాగా అప్పుడూ కావాలి.

ఇక లోపలి సరుకు. డబ్బా మీద 4090 అనో 5090 అనో ఉంటే డెస్క్‌టాప్‌లో ఉండేదే ఇందులోనూ ఉందని అనుకుంటాం. కాదు. ల్యాప్‌టాప్ 4090లో ఉన్నది డెస్క్‌టాప్ 4080లో వాడిన చిప్పు, మెమరీ 16 జీబీ. డెస్క్‌టాప్ 4090కి 24 జీబీ, అది 450 వాట్లు తాగుతుంది. ల్యాప్‌టాప్‌ది 150 వాట్లు, ఇంకో 25 పైన బూస్టు, అంతే. 5090 కథా అదే, డెస్క్‌టాప్‌ది 575 వాట్లు, ల్యాప్‌టాప్‌ది మళ్లీ ఆ 150 దగ్గరే. పైగా అదే పేరుతో ఒక కంపెనీ 150 వాట్లు ఇస్తుంది, ఇంకో కంపెనీ పలచటి మోడల్‌లో 100కి కాస్త అటూ ఇటూ ఇస్తుంది, రెండింటి మీదా స్టిక్కరు ఒకటే. చెరువు గట్టు మీద మోటారుకు లో వోల్టేజీ ఇచ్చినట్టుంటుంది వ్యవహారం: నేమ్ ప్లేటు మీద హార్స్‌పవర్ మారదు, నీళ్లు మాత్రం తక్కువ వస్తాయి. కాబట్టి స్పెసిఫికేషన్లలో టీజీపీ (గ్రాఫిక్స్ చిప్పుకు ఇచ్చే కరెంటు) అన్న మాట పక్కన ఎన్ని వాట్లున్నాయో చూడాల్సిందే.

ఎడిటర్లకు ఇంకో చిక్కు ఉంది, దీని గురించి అమ్మేవాళ్లు చెప్పరు. ఇప్పుడు మన స్టూడియోల్లో ఎక్కువ మంది చేతిలో ఉన్న సోనీ కెమెరాల్లో రంగు వివరం ఎక్కువుండే 10 బిట్, 4:2:2 పద్ధతిలో హెచ్ఈవీసీ (వీడియోను బాగా కుదించే ఫార్మాట్) రికార్డింగ్ ఉంటుంది. ఆ ఫైలును విప్పి చూపించే హార్డ్‌వేర్ ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ అనే వీడియో భాగంలో కొన్నేళ్ల క్రితమే వచ్చింది. ఎన్విడియాలో అది 50 సిరీస్ (5090 లాంటివి)తోనే వచ్చింది, 40 సిరీస్ (4090 లాంటివి)లో లేదు. 2023 డుయో 16లో ఉన్నది ఏఎండీ రైజెన్ 7945హెచ్‌ఎక్స్, దానికి జతగా 4090. అంత ఖరీదైన మెషీన్‌లోనూ ఈ ఫైళ్ల భారం మొత్తం ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది, టైమ్‌లైను ఆగి ఆగి నడుస్తుంటుంది, లక్ష రూపాయల ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో అదే క్లిప్పు నున్నగా ఆడుతుంటుంది. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు, చేసుకుంటే గట్టెక్కొచ్చు, కానీ సేమ్ డే ఎడిట్‌లో ప్రాక్సీలకు టైమెక్కడిది? పాత స్టాకు డిస్కౌంటులో వస్తోందని ఎగబడే ముందు మీ కెమెరా ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఆ మెషీన్‌లో ఆడించి చూడండి.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. విమానాల్లో అనుమతి అడగకుండా తీసుకెళ్లగల పరిమితి 100 వాట్ అవర్లు, అందుకే ఎంత పెద్ద ల్యాప్‌టాప్ అయినా దాని లోపలే ఆగుతుంది, డుయోలవి 90. ఒక స్క్రీన్‌కైనా రెండింటికైనా అదే ట్యాంకు. గేము ఆడాలన్నా రెండర్ పెట్టాలన్నా చార్జర్ ఉండాల్సిందే, ఆ చార్జరేమో డుయో 16కి 330 వాట్ల ఇటుక.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికొద్దాం, రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదుల్లో కూర్చుని వీటి జోలికి రారు. ల్యాప్‌టాప్ కంపెనీలు సాధారణంగా 35 డిగ్రీల లోపు వాడమని రాస్తాయి. రోహిణి కార్తెలో రాజమండ్రిలో పొద్దున్న పదింటికే అది దాటేస్తుంది. గాలే వేడిగా ఉంటే ఫ్యాన్లు ఎంత తిరిగినా చల్లబరిచేది తక్కువ, మెషీను తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. అంటే ఏసీ లేకుండా మే నెలలో మూడున్నర లక్షల మెషీను రెండు లక్షల మెషీనులా నడుస్తుంది. ఏసీలో వాడితే ఇంకో తిరకాసు: చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ను ఒక్కసారిగా బయటి ఉక్కపోతలోకి తెస్తే లోహం మీద తేమ పడుతుంది, కాసేపు ఆగి ఆన్ చేయడం మంచిది. అంతర్వేది, నరసాపురం, కాకినాడ వైపు సముద్రం దగ్గరున్నవాళ్లకు ఉప్పుగాలి ఉండనే ఉంది, మన గేట్ల గొళ్లేలకు ఏం గతి పడుతుందో పోర్టులకూ మెల్లగా అదే పడుతుంది. కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్ల పక్కన ఇల్లున్నవాళ్లూ, రైసుమిల్లు ఊక ఎగిరే చోట్ల ఉన్నవాళ్లూ ఆలోచించాల్సింది దుమ్ము గురించి. పాత డుయోల్లో గాలి ఆ లేచిన స్క్రీన్ కింద సందులోంచి కూడా పోతుంది కాబట్టి దుమ్ముకు అదొక అదనపు దారి.

దుమ్ము పడితే ఊళ్లో షాపులో విప్పించి, దులిపించి, చిప్పు వేడిని లాగే పేస్టు మార్పించడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం ఆ అలవాటు పనికిరాదు. డుయోల్లో ప్రాసెసర్ మీద మామూలు పేస్టు ఉండదు, లిక్విడ్ మెటల్ ఉంటుంది. గాలియం ఆధారంగా చేసిన ద్రవ లోహం అది, వేడిని బాగా లాగుతుంది, కరెంటునూ పారనిస్తుంది. తెలియని చేతుల్లో చుక్క బోర్డు మీద పడిందా, షార్టయి పోతుంది. అల్యూమినియం తగిలితే దాన్ని తినేస్తుంది కూడా. కాబట్టి దీన్ని విప్పాల్సింది కంపెనీ సర్వీసు వాళ్లే, రెండో స్క్రీన్ లాంటి విడిభాగం కావాలంటే తెప్పించాలి, అప్పటిదాకా ఆగాలి. సీజన్‌లో వరుసగా పెళ్లిళ్లు ఒప్పుకున్నవాడికి ఈ ఆగడం రిపేరు ఖర్చు కంటే ఎక్కువ నష్టం.

కరెంటు విషయంలో మాత్రం ల్యాప్‌టాప్‌దే పైచేయి. తుపాను వచ్చినా, లైను పోయినా, జనరేటర్ మార్చేటప్పుడు రెండు సెకన్లు చీకటైనా దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. పెద్ద గేమింగ్ డెస్క్‌టాప్ లోడు మీద ఉన్నప్పుడు ఇళ్లల్లో వాడే 600 వీఏ యూపీఎస్ దాన్ని మోయలేదు, పీక్‌మని అరిచి పడిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద 330 వాట్ల చార్జర్ నడపాలనుకుంటే ఫ్యాన్లూ లైట్లతో కలిపి లెక్క చూసుకోండి, సైన్ వేవ్ ఇన్వర్టరయితే మంచిది. బిల్లు సంగతంటారా, లోడులో 300 వాట్లు అనుకుని రోజుకు నాలుగు గంటలాడితే నెలకు 36 యూనిట్లు. ఏసీ దాని కంటే ఎక్కువే తాగుతుంది.

ఇదే డబ్బుతో ఇంకేం చేయొచ్చో చూడకపోతే లెక్క పూర్తవదు. ఒక స్క్రీన్ ఉన్న మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ లక్షన్నర నుంచి రెండు లక్షల లోపు వస్తుంది. దానికి 15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్ జత చేయండి, సుమారు పది పదిహేను వేలు, బరువు కిలో లోపే. ఒక్క టైప్‌సీ వైరుతో బొమ్మా కరెంటూ రెండూ పోతాయి, కాకపోతే ల్యాప్‌టాప్ టైప్‌సీ పోర్టులో బొమ్మను బయటికి పంపే డిస్‌ప్లేపోర్ట్ సదుపాయం ఉండాలి, కొన్నిట్లో ఉండదు, అడిగి కొనుక్కోవాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఆరదు. పగిలితే దాన్నొక్కదాన్నే మార్చుకుంటాం, ల్యాప్‌టాప్ పాతబడితే అదే మానిటర్ కొత్తదానికి పనికొస్తుంది. లోపమల్లా విప్పి పెట్టుకోవాలి, వైరు ఊడిపోతుంటుంది, పెళ్లిమండపంలో పిల్లలు తన్నుకుంటూ పోతారు. ఇంట్లోనే పని అంటే ఇంకా తేలిక, 27 అంగుళాల మానిటర్ ఒకటి టేబుల్ మీద పెట్టుకుంటే డుయో రెండు స్క్రీన్లూ కలిపినా దాని సుఖానికి సాటిరావు. మెడ కూడా బతుకుతుంది, కిందకు వంగి చూసే స్క్రీన్‌తో అది కష్టం.

భీమవరం కుర్రాడికి నేను చెప్పేది ఇదే. కోడింగుకూ, గేములకూ, ప్రాజెక్టులకూ ఒక స్క్రీన్ మెషీను చాలు, హాస్టల్లో మూడున్నర లక్షల వస్తువు పెట్టుకుని ఊరెళ్లినప్పుడల్లా టెన్షన్ పడక్కర్లేదు. బాబాయికి చెప్పడమే కష్టం, "మా వాడు ముచ్చటపడ్డాడురా" అంటాడు. సరే, ముచ్చటకు లెక్కలుండవు, ఆయన డబ్బు ఆయనిష్టం. కానీ చదువు కోసం అని మాత్రం అనొద్దు.

రావులపాలెం తమ్ముడి లెక్క వేరుగా వేయాలి. అతనికి స్టూడియో ఉంది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, మూడున్నర లక్షల బిల్లులో అసలు ధర 2,96,610 అయితే పన్ను 53,390. స్టూడియో జీఎస్టీ నంబరు మీద బిల్లు తీసుకుంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వెనక్కి వస్తుంది. చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉంటే రాదు. ఆదాయపు పన్నులో కంప్యూటర్ల మీద ఏటా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. అంటే మార్చిలో కొనేకంటే సెప్టెంబరు లోపు కొనుక్కుంటే ఆ ఏడాదికి లాభం. ఇవన్నీ పోగా అతని జేబులోంచి పోయేది కుర్రాడి జేబులోంచి పోయేదాని కంటే బాగా తక్కువ, ఆదాయం తెచ్చేది కూడా అతనికే. అతనికి సరే అన్నాను, 50 సిరీస్ ఉన్నదైతేనే అని షరతు పెట్టి.

నో కాస్ట్ ఈఎంఐ అన్న బోర్డు చూసి మురిసిపోకండి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు షాపు ముందే డిస్కౌంటు ఇస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మనమే కడతాం. నగదుకు అడిగితే ఆ డిస్కౌంటే చేతికి వస్తుందేమో బేరమాడి చూడండి.

మన జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కాబట్టి "అన్నయ్య వస్తూ తెస్తాడు" అన్న దారి కూడా ఉంది. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు. అక్కడ రాసిన ధరకు ఆ రాష్ట్రపు సేల్స్ టాక్సు అదనం, ఆ పన్నుకు ఇక్కడ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, పిన్ను వైరు ఒక్కటి మార్చుకుంటే సరి. అసలు మెలిక వారంటీతో. ఆ మోడల్‌కు ఇండియాలో వారంటీ చెల్లుతుందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ సీరియల్ నంబరు మీద చూసుకోకుండా డబ్బు పంపొద్దు. లిక్విడ్ మెటల్ ఉన్న మెషీన్‌కు వారంటీ లేకపోతే దిక్కు లేనట్టే.

ఇన్ని విన్నాక కూడా కొనేటట్టయితే, రెండు స్క్రీన్లూ తెల్లగా, నల్లగా, ఎర్రగా ఒక్కోసారి నింపి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో షాపులోనే చూడండి. మూత పదిసార్లు తెరిచి మూసి రెండో స్క్రీన్ ఒక పక్కకు ఒరుగుతోందా అని గమనించండి. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, బోర్డుకు అంటించేశారా అడగండి, 2025 చివర నుంచి మెమరీ ధరలు పెరిగిపోయాయి కాబట్టి అంటించినదైతే ముందే ఎక్కువ తీసుకోవాలి. ఓలెడ్ అయితే టాస్క్‌బార్ దాచేసి వాడండి, కదలని బొమ్మ నెలల తరబడి ఉంటే దాని మచ్చ ఉండిపోతుంది. ప్రమాదవశాత్తూ పగిలితే వర్తించే పాలసీ తీసుకునేటప్పుడు అందులో రెండో స్క్రీన్ కూడా కలిసిందా లేదా అన్నది నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకోండి.